పేరు పెట్టి పిలిచిన కేక

కార్తికమాసపు సాయంసమయము. వర్షాకాలమంతయు బురదలో నానిన కళాశాలా క్రీడాప్రాంగణము తేమయాఱి లేతగఱిక కప్పుకొని పడమటికొండల వెనుకకు వ్రాలుచున్న సూర్యుని మందకాంతిలో పసిడిచాయ తేలుచుండెను. సముద్రముమీదుగా వచ్చు చలిగాలి గోలుస్తంభములకు కట్టిన చినిగిన వలను మెల్లమెల్లన నూచుచుండెను. ఆ వలచెంత యువకులందఱును గుంపుగూడి పరిహాసములాడుచుండగా వారికి దూరముగా నొక్కడు బూట్ల దారములు మరల మరల విప్పి బిగించుకొనుచు కూర్చుండియుండెను.

అతని పేరు పోలినాయుడు. ఇరువదియేండ్లు సైన్యమున కొలువుచేసి హవల్దారుగా విరమించి నలువదవయేట బి.ఏ. తరగతిలో చేరినవాడు. హిమశైలసీమల కావలికాచిన ఆ దేహమున బిగువింకను సడలలేదు గాని చెవులయొద్ద వెండ్రుకలు నెఱసినవి. భార్య గతించినది. సంతానము లేదు. పటాలమున పదుగురి నడుమ తిని పదుగురి నడుమ నిద్రించినవానికి ఒక్క పళ్లెమును ఒక్క గ్లాసును గల అద్దెగదిలోని నిశ్శబ్దము మంచుకొండల చలికంటె దుస్సహమయ్యెను. కళాశాలలో సహాధ్యాయులు అతనిని బాబాయిగారని పిలిచి బల్లమీద చోటిచ్చి తాము వేఱొక బల్లకు పోవుచుండిరి. దూరముగా నుంచుటకు లోకము పెట్టిన మంచిపేరు మర్యాద. ఆ మర్యాదతో పోలినాయుడు విసిగిపోయెను.

కావుననే కళాశాలా ఫుట్‌బాలు జట్టునకు ఎంపిక జరుగునని విన్ననాడు పూర్వము పటాలపు జట్టులో ఆడిన ఆతని మనస్సు చిరకాలమునకు ఉప్పొంగెను. కీర్తియు బహుమానమును అతనికి అక్కఱలేదు. జట్టువాడైనచో తోడివారు పేరుపెట్టి పిలుతురు, తప్పుచేసిన తిట్టుదురు, గెలిచిననాడు మీదపడి కౌగిలింతురు. అతడు కోరినది అంతియే.

జట్టునాయకుడగు హేమసుందరుడు సమీపించి వినయముగా నడిగెను. "బాబాయిగారూ, మీరు కుడిప్రక్కన ఆడెదరా?"

"ఆడెదను నాయనా. ఒక్క మనవి. మైదానమున నన్ను పోలినాయుడా యని పిలువుము. నీవు బాబాయిగారూ యని ముగించునప్పటికి బంతి దాటిపోవును."

"పెద్దవారిని పేరుపెట్టి పిలుచుటకు నోరు రాదండీ" అని ఆ యువకుడు నవ్వుచు వెడలిపోయెను.

శిక్షకుడు పట్నాయక్ మాష్టారు ఈలయూదగా ఎంపికకై రెండు పక్షములుగా చీలినవారి ఆట ఆరంభమయ్యెను. మొదట వయసుమీరినవాడని జాలిపడి ప్రక్కకు తప్పుకొన్న యువకులే కొంతసేపటికి అతని కాళ్లనుండి బంతి తప్పించలేక రొప్పసాగిరి. మాష్టారు తృప్తితో తలయూపుట పోలినాయుడు క్రీగంట చూచెను. ఇరుపక్షములును సమానముగా నిలిచి ఆట ముగియవచ్చిన తరుణమున ఎదుటి గోలుకాపరి తొందరపడి ముందునకు దుమికెను. గోలుముంగిట కాపు లేకపోయెను. హేమసుందరుడు ఎడమదెసనుండి బంతిని పోలినాయునివైపు తన్నెను.

సరిగా అప్పుడే ప్రాంగణపు చివరనున్న ఎన్.సి.సి. కార్యాలయము ముంగిట రాబోవు శిబిరమునకై ఆనాడే అభ్యాసము మొదలిడిన విద్యార్థులు పతాకమును దించుచు బ్యూగిలు మ్రోగించిరి. సూర్యాస్తమయవేళ పతాకము దిగునపుడు ఆ నాదము వినబడినంతమేర ఎవడేపనిలో నున్నను పతాకాభిముఖుడై కదలక నిలుచుట సైనికావాసముల ఆచారము. అచ్చట ఆటగాండ్రు సైతము ఆట నడుమనే నిలిచిపోవుదురు. పోలినాయుడు గోలునకు వీపుత్రిప్పి చేతులు ప్రక్కలకు చేర్చి నిటారుగా నిలిచెను. బంతి దొర్లివచ్చి అతని బూటునకు తగిలి ఆగెను.

"ఒరే పోలినాయుడా! తన్నరా!"

ఆ కేక అతడు వినెను. దేనికై ఇచ్చటికి వచ్చెనో అదియే చెవినిబడెను. హృదయము పరుగెత్తెను గాని దేహము కదలలేదు. ప్రత్యర్థి యొకడు అతని పాదముచెంతనుండి బంతిని కొనిపోగా నిమిషమాత్రమున ఆవలి వలయందు గోలుపడెను.

నాదము ముగిసిన పిమ్మట అతడు వెనుదిరిగి చూచెను. అంత మైదానమున నిలిచినవాడు తానొక్కడే. అందఱును తన్నే చూచుచుండిరి.

మాష్టారు దగ్గఱకు వచ్చి భుజముపై చేయివైచెను. "నాయుడుగారూ, మీ ఆటకు వంకలేదు. పోటీలును ఈ మైదానముననే, ఈ వేళకే జరుగును. బ్యూగిలు మ్రోగినను ఆగక ఆడెదనని ఒక్కమాట చెప్పుడు. మిమ్ము తీసికొందును."

పోలినాయుడు గఱికవంక చూచెను. ఒక్క అబద్ధమాడినను చాలును. "ఆడలేనండీ. పటాలమున ఆ నాదమునకు నాతో నిలిచినవారిలో కొందఱిప్పుడు లేరు" అనెను. మాష్టారు అతని భుజమును మెల్లగా తట్టి చేతిని తీసికొనెను.

హేమసుందరుడు తలవంచుకొని వచ్చెను. "క్షమింపుడు బాబాయిగారూ. తొందరలో నోరుజాఱి పేరుపెట్టి పిలిచితిని."

మరల నొకసారి అట్లే పిలువుమని అడుగవలెనని పోలినాయుని నాలుకచివరకు వచ్చెను. "తప్పులేదు నాయనా" అని మాత్రము అనగలిగెను. యువకులు ఒకరి భుజములపై నొకరు చేతులు వైచుకొని టీ దుకాణమువైపు సాగిపోయిరి. వారి నవ్వులు వినబడినంతసేపు అతడు బూట్లు విప్పక కూర్చుండెను.

ఒక పటాలమునకు తన్ను సమస్తముగా సమర్పించినవానికి మఱియొక జట్టున చోటు దొరకుట దుర్లభము. ఆ కేక యొక్కటి మాత్రము అతనివెంట గదివఱకు వచ్చెను. అతడు దీపము వెలిగించి ఆ ఒక్క గ్లాసున నీళ్లు నింపుకొనుచు, ఎవ్వరును లేని ఆ గదిలో మెల్లగా "ఇదిగో, వచ్చితినిరా" అని బదులు చెప్పెను.