పేరు మధ్యలో చేరిన మాట

కొత్త మూకుడులో అడవిపంది మాంసం వండొద్దని మా అమ్మాయి ఇవాలిన్ అన్నందుకు మా అత్తగారు పొద్దుటి నుంచీ సణుగుతూనే ఉన్నారు.

"అంత మడి మూకుడా అది? పంది దిగితే అలుగుతుందా?"

"అలుగుతుంది నాయనమ్మా. పాతది ఉందిగా."

"పాతదాని పిడి ఊడిందే! నా చెయ్యి కాలితే నువ్వు తినిపిస్తావా?"

"తినిపిస్తా. కానీ నోరు మూసుకుని తినాలి."

నేను పాత మూకుడుకు గుడ్డ చుట్టి పొయ్యి మీద పెట్టాను. పొగపట్టిన మాంసం వేడెక్కి కొవ్వు చిటపటలాడగానే ఇవాలిన్ లేచి వాకిట్లోకి పోయింది. ఆ ముక్కల కోసం నాయనమ్మతో కొట్లాడుతూ పెరిగిన పిల్ల.

అది పుట్టినప్పుడు పేరు రాయించడానికి మా ఆయన లోజిమిన్ పట్నం వెళ్ళారు. "ఇవాలిన్ బింతి లోజిమిన్ అని రాయనా?" అని అడిగాడట గుమాస్తా. బింతి అంటే కూతురు. రేడియోలో పెద్దింటి ఆడవాళ్ళ పేర్ల మధ్య వినబడే మాట. ఆయన మురిసిపోయి రాయమన్నారు. మా తంబునాన్ లోయలో ఇంకా చాలామంది క్రైస్తవుల పేర్లలోకి అది అలాగే చేరింది. పిల్లకు పన్నెండో ఏట గుర్తింపు కార్డు వచ్చింది. అందులో మతం ఇస్లాం అని ఉంది. పేరులోని ఆ ఒక్క మాట ముస్లింలు వాడేదని, దాన్ని బట్టి వేసేశారు. మేం నవ్వుకున్నాం. దానికి బాప్తిస్మం ఇచ్చిన ఫాదర్ కూడా నవ్వారు.

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. మా గుడికే వచ్చే కుర్రాడు జూలిస్ వాళ్ళతో మాటలయ్యాయి, కోతలయ్యాక పెళ్ళి అనుకున్నాం. "ముస్లిం అని ఉన్న ఈ కార్డుతో నేను పెళ్ళి జరిపించడానికి చట్టం ఒప్పుకోదు, గుడికి తాళం పడుతుందమ్మా" అన్నారు ఫాదర్, తన చెప్పుల వైపు చూస్తూ.

మిగిలింది మా ఎమ్మెల్యే. ఎన్నికల ముందు మా గుళ్ళో మోకాళ్ళూని, "ఇవాలిన్ నా కూతురు, దాని కార్డు నేను మార్పిస్తాను" అన్నవాడు. ఆ మాట పట్టుకుని మా ఆయన ఊరూరా అతని జెండాలు కట్టారు. ఇవాళ మళ్ళీ అతన్ని కలవడానికి వెళ్ళి, భోజనాల వేళకు తిరిగొచ్చారు.

ప్రార్థన ఆయనే చెప్పారు. ఎప్పటికంటే క్లుప్తంగా.

"ఏరా, ఏమన్నాడు నీ దొర?" అన్నారు అత్తగారు.

"సున్నితమైన విషయమట. పిల్ల ముస్లిం కాదని ముస్లిం కోర్టే చెప్పాలట. ఆ కోర్టు అంత తేలిగ్గా చెప్పదట. ఎన్నికలయ్యాక చూద్దామన్నాడు."

"అయిపోయాయిగా?"

"వచ్చే ఎన్నికలు." ఆయన అన్నం కెలుకుతూ ఉండిపోయారు. "ఈసారి జెండాలు ఇంకా పైకి కట్టాలట."

నేను కూర గిన్నె ఇవాలిన్ వైపు జరిపాను. అది వెనక్కి జరిపింది.

"కట్టకు నాన్నా," అంది. "జూలిస్ మతం మారుతున్నాడు. వచ్చే వారమే. అప్పుడు ఇద్దరి కార్డులూ ఒకటే. నిఖా ఆఫీసులో చేసుకుంటాం."

"నువ్వు రోజూ జపమాల చెప్పే పిల్లవి కదే!" అన్నాను నేను.

"చెప్పుకుంటా. మనసులో."

అత్తగారు ముక్క చేతిలోనే పట్టుకుని మనవరాలి వైపు చూశారు. ఆమె తల్లి వరిదేవతకు మంత్రాలు చదివిన పూజారిణి. ఫాదర్లు వచ్చిన కొత్తలో, ఆ పూజ గంటలన్నీ అత్తగారే ఏట్లో పడేశారు.

"నేనూ మారానే," అన్నారు. "తప్పనను. ముస్లింలు మంచివాళ్ళే, మన ఇరుగుపొరుగే. కానీ అప్పుడు ఫాదర్ నన్ను మూడుసార్లు అడిగాడు, నమ్ముతున్నావా అని. నిన్నెవరడిగారే?"

"గుమాస్తా నాన్ననడిగాడుగా."

మా ఆయన తల ఎత్తలేదు. ఇవాలిన్ వట్టి అన్నంలో ఆకుకూర పులుసు పోసుకుంది.

"క్రిస్మస్‌కి ఇద్దరం వస్తాం. మా వరకు వంట ఆ కొత్త మూకుడులో చెయ్యమ్మా," అంది నాతో.