తెల్ల గీత

టార్క్ రెంచ్ పేరెత్తితే చాలు, పెద్దమేస్త్రికి ఒళ్లు మండేది. నట్టు సరిపడా బిగియగానే టక్కుమనే ఆ పానాను అల్లుడు కొనుక్కొచ్చిన రోజున అటూ ఇటూ తిప్పి చూసి, ఇది టక్కుమంటే గానీ నట్టు బిగిసిందో లేదో తెలియనివాడు ఈ పనిలోకి రావడమెందుకని గోడమేకుకు తగిలించేశాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చెయ్యే ఆయనకు కొలత. చక్రానికి ఐదు నట్లుంటే వరసగా తిప్పుకుంటూ పోయే రకం కాదు. ఒకటి బిగించి దాని ఎదురుగా ఉన్నదానికి వెళ్లేవాడు, చక్రం నేలకు ఆనాక చివరి పట్టు పట్టేవాడు. ఆ పైన సన్న బ్రష్షు తెల్లరంగులో ముంచి, నట్టు మీంచి చక్రం మీదికి ఏటవాలుగా ఒక గీత గీసేవాడు. నట్టు కదిలిందా, గీత రెండు ముక్కలై కనబడుతుంది. బిగించిన చెయ్యే గీత గియ్యాలి, గీత పడిన నట్టును ఇంకొకడు ముట్టుకోకూడదు. ఆయన మెకానిక్ షెడ్డులో అది శాసనం. డ్రైవర్లు ఆయన్ని గీత మేస్త్రి అనేవారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ముచ్చట.

మూడు నెలల కిందట కుడిభుజంలో ఏదో కలుక్కుమంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలియనివాడా? కుర్చీ వేసి కూర్చోబెడతారు. కుర్చీలో కూర్చున్న మేస్త్రిని వచ్చినవాళ్లంతా పలకరిస్తారు, బండి తాళం మాత్రం పక్కవాడి చేతిలో పెడతారు. ఆ బతుకు తలచుకుంటేనే ఆయనకు భయం. అందుకని నొప్పిని పంటిబిగువున దాచుకున్నాడు. స్పానరు లాగుతుంటే భుజం కలుక్కుమన్న చోట ఆగిపోవడం అలవాటైంది. నొప్పి పుట్టిన చోటే నట్టు బిగిసిన చోటని ఎప్పటినుంచి అనుకోసాగాడో ఆయనకే తెలియదు.

ఆ సోమవారం పొద్దున్నే ఆరింటికి కూతురు కారు తీసింది. కొండమీది ఊళ్లో ఉన్న ఆడపడుచును చూసి రావడానికి ప్రయాణం. వెనకసీట్లో బుడంకాయ, అంటే ఆరేళ్ల మనవరాలు. వాళ్లను సాగనంపాక ఇంట్లో కాలు నిలవక, మేస్త్రి రోజూకంటే గంట ముందే షెడ్డుకు నడిచాడు. తుడవాలి, సర్దాలి అని అల్లుడు ఎప్పుడూ చీకటితోనే వెళతాడు. ఎంత బుద్ధిమంతుడో అని ఈయన నలుగురిలో మెచ్చుకుంటూ ఉంటాడు కూడా.

షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి చూస్తే, శనివారం తాను బిగించిన పాలవ్యాను పక్కన అల్లుడు గొంతుక్కూర్చున్నాడు. చేతిలో టార్క్ రెంచ్. తెల్ల గీత ఉన్న నట్టుకు దాన్ని తగిలించి లాగాడు. గీత విరిగింది. నట్టు పావుచుట్టు తిరిగి, అప్పుడు టక్కుమంది. అల్లుడు థిన్నరులో గుడ్డ ముంచి పాతగీత తుడిచేశాడు. బ్రష్షు తీసుకుని, మామగారు గీసినట్టే అదే వాలులో, కొస దగ్గర అదే చిన్న వంపుతో కొత్తగీత గీశాడు.

మేస్త్రికి ముందు వచ్చింది కోపమే. నా గీతను దొంగతనంగా చెరుపుతాడా అని చెయ్యెత్తి లోపలికి వెళ్లాడు. అల్లుడు ఉలిక్కిపడి లేచి రెంచి వెనక్కి దాచుకున్నాడు, దాచడానికి అదేమైనా బీడీముక్కా? కానీ ఆ పావుచుట్టు మేస్త్రి కళ్లముందే తిరుగుతోంది. తన నట్టు అంత తిరగడమేమిటి?

"ఎన్నాళ్లబట్టి?"

"మూడు నెలలు మామయ్యా."

"ఎన్ని బళ్లు?"

"మీరు గీసినవన్నీ."

మీ భుజం సంగతి మొదటి వారంలోనే కనిపెట్టానని, నోరు విప్పితే మీరు షెడ్డు మొహం చూడరేమోనని భయపడ్డానని అల్లుడు తల వంచుకునే చెప్పాడు. మొత్తం మీద ఒక్క బండి కూడా వదులు నట్టుతో బయటికి వెళ్లలేదనీ అన్నాడు. ధైర్యం చెబుదామని అన్న మాట అది. పుండు మీద కారం చల్లినట్టయింది. మేస్త్రి నోటిదాకా వచ్చిన తిట్టు మాత్రం అక్కడే ఆగిపోయింది, నిన్నటి ఆదివారం గుర్తొచ్చి.

నిన్న అల్లుడు సామాన్ల కోసం పట్నం వెళ్లి, రాత్రి పొద్దుపోయాక గానీ ఇల్లు చేరలేదు. తాను తీరిగ్గా ఇంటిముందు జాకీ ఎత్తి, కొండదారి కదా అని కూతురి కారు ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చాడు. నాలుగు చక్రాలు, ఇరవై నట్లు, ఇరవై గీతలు.

ఆ మాట వినగానే అల్లుడు రెంచి బల్ల మీద పడేసి జేబులో చెయ్యి పెట్టాడు. భార్యకు ఫోన్ చేశాడు. మోగింది, మోగి ఆగిపోయింది. బండి నడుపుతూ ఫోన్ ముట్టుకోకూడదని, సంచీలో పెట్టి డిక్కీలో పడెయ్యమని కూతురికి నేర్పిన మహానుభావుడు ఎవరనుకున్నారు? ఈ మేస్త్రే.

రెంచి, నట్లు, రంగుడబ్బా వేసుకుని షెడ్డు వ్యానులో బయలుదేరారు. అల్లుడు నడుపుతున్నాడు. దారి పొడుగునా మేస్త్రి కళ్లు రోడ్డు వారనే ఉన్నాయి, ఎక్కడ ఏ చక్రం పడి ఉంటుందో అని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తాను రచ్చ గెలిచాడు, అదీ అల్లుడి పుణ్యమాని. ఇంట్లోనే ఓడిపోయాడు. ఘాట్ మొదలయ్యాక ఆయన పైకే అన్నాడు, పిల్లకేమైనా అయితే తాను బతకనని. అల్లుడు గేరు మార్చాడు. ఆ పిల్ల అతని పిల్ల కూడా అని ఈయనకు తట్టడానికి ఇంకో రెండు మలుపులు పట్టింది.

ఏడో మలుపు దగ్గర కారు ఆగి ఉంది. కల్వర్టు మీద కూతురు కూర్చుంది, ఒళ్లో బుడంకాయ నిద్రపోతోంది. మేస్త్రి దిగి, పిల్ల ఊపిరి చూసుకుని, తిన్నగా చక్రాల దగ్గరికి నడిచాడు.

ముందు ఎడమచక్రానికి ఒక నట్టు లేనే లేదు. మరో రెండు నట్లు వేలితో తిప్పితేనే తిరుగుతున్నాయి. మిగిలినవాటి మీద గీతలు నట్టు దగ్గర ఒకవైపు, చక్రం దగ్గర ఇంకోవైపు చూస్తున్నాయి.

చాలాసేపట్నుంచి చప్పుడు వస్తూనే ఉందట. రెండుసార్లు బండి ఆపి డిక్కీ సర్దిందట, సీటుకింద వెతికిందట. స్టీరింగు వణకడం మొదలయ్యాక గానీ చక్రం వైపు చూడలేదట. అప్పుడు ఫోన్ తీస్తే సిగ్నల్ లేదట.

"నువ్వు బిగించావు కదా నాన్నా," అంది. "చక్రమై ఉండదనుకున్నా."

జరిగిందంతా అల్లుడే చెప్పాడు, భుజం, మూడు నెలలు, తుడిచిన గీతలు. కూతురు అరవలేదు. పిల్ల లేస్తుందని గొంతు తగ్గించింది.

"మీ మామా అల్లుళ్ల మర్యాదలు బాగానే ఉన్నాయి. ఆ మర్యాద మీద కూర్చునే నా పిల్ల ఇంత కొండ ఎక్కింది."

ఇద్దరూ నేల చూశారు. ఇంకేం చూస్తారు?

చక్రం ఊడదీశారు. ఊగి ఊగి నట్ల రంధ్రాలు కోలగా అరిగిపోయాయి, అది ఇక పనికిరాదు. బోల్టుల మరలు మాత్రం దెబ్బతినలేదు. స్టెప్నీ ఎక్కించి, వ్యానులోంచి కొత్తనట్టు తెచ్చి, చేత్తో ఐదూ పట్టించి, జాకీ దించారు. టార్క్ రెంచ్ ఇమ్మని మేస్త్రే చెయ్యి చాచాడు. అల్లుడు పిడి మీది అంకె నూటపది దగ్గర పెట్టి ఇచ్చాడు. ఆయన మొదటి నట్టుకు తగిలించి లాగాడు. భుజం భగ్గుమంది. పళ్లు బిగబట్టి ఇంకా లాగాడు. అది టక్కుమనలేదు. రెండు చేతులతో లాగినా టక్కుమనలేదు.

"ఇది నావల్ల కాదు అల్లుడూ," అన్నాడు. మూడు నెలలుగా గొంతులో అడ్డం పడిన మాట అది. అన్నాక కళ్లు తుడుచుకున్నాడు, కూతురు చూస్తోందని కూడా చూసుకోలేదు.

అల్లుడు బిగించాడు, ఒకదాని తరవాత దాని ఎదుటిది. ఐదుసార్లు టక్కుమంది. మిగతా మూడు చక్రాలూ చూశాడు. అక్కడ కూడా నట్టు నట్టూ ఎంతో కొంత తిరిగింది. ప్రతి టక్కుకూ మేస్త్రి కళ్లు మూసుకున్నాడు గానీ, పక్కకు మాత్రం పోలేదు.

కూతురు రంగుడబ్బా తెచ్చి అలవాటుగా తండ్రి చేతికే ఇచ్చింది. ఆయన బ్రష్షు ముంచి, అంచుకు రాసి, అల్లుడి ముందు పెట్టాడు. బిగించిన చెయ్యే గియ్యాలి కదా.

అల్లుడు మొదటి నట్టు మీద బ్రష్షు ఆనించి, మూడు నెలల అలవాటు కొద్దీ ఏటవాలుగా లాగబోయాడు. మేస్త్రి అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నాలా కాదు. నీలా గియ్యి."

అల్లుడికి తన గీత ఎలా ఉంటుందో తెలియదు, ఎప్పుడూ గీసింది లేదు. బ్రష్షు మళ్లీ ముంచి, నిటారుగా ఒకటి గీశాడు. కొస కాస్త చెదిరింది. మేస్త్రి దాన్నే చూస్తూ రెండో నట్టు చూపించాడు.