హోకన్ ఇయర్‌బడ్స్‌కి వచ్చిన అప్‌డేట్

ఇయర్‌బడ్స్‌కి అప్‌డేట్ వచ్చిన ఆదివారం నుంచీ హోకన్‌కి మనశ్శాంతి కరువైంది.

అంతకుముందు అవి బుద్ధిగానే ఉండేవి. కూతురు తూవా క్రిస్మస్‌కి కొనిచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా దుంగల లారీ తోలుతున్న మనిషి, చెవుల్లో ఇంజను హోరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అవి పెట్టుకున్న మొదటి రోజే ఆ హోరు సగానికి సగం తగ్గిపోయింది. సాయంత్రం ఇంటికి చేరాక తలనొప్పి లేకపోయేసరికి ఏం చెయ్యాలో కాసేపు తోచలేదు పాపం. మంచి వస్తువేనని మనసులో ఒప్పుకున్నాడు. కూతురి ముందు మాత్రం ఛస్తే ఒప్పుకోలేదు.

ఆ ఆదివారం తూవా తనుండే ఊమియో నుంచి తండ్రి ఉండే లిక్సెలె వచ్చింది. వచ్చి కోటు విప్పిందో లేదో, తండ్రి ఫోన్ లాక్కుని ఏవేవో నొక్కి, "అయిపోయింది నాన్నా, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేశా" అంది.

"పాతదానికేం రోగం?"

"రోగమేం లేదు. ఇకనుంచి ఫోన్ మోగితే నువ్వు చెయ్యి కదపక్కర్లేదు. తలాడించావనుకో, ఎత్తుతుంది. అడ్డంగా ఊపావనుకో, కట్ చేస్తుంది. నువ్వు నోరు తెరిస్తే చాలు, రేడియో దానంతటదే తగ్గుతుంది. ఫోన్లో అవతలివాళ్ళ గొంతుని కూడా శుభ్రం చేసి వినిపిస్తుంది."

"శుభ్రం చెయ్యడానికి వాళ్ళ గొంతులకేమొచ్చింది?"

"అబ్బబ్బా, ప్రతిదానికీ యక్షప్రశ్నలే! వాడి చూడు, నీకే తెలుస్తుంది."

తెలిసింది. సోమవారం పొద్దున ఏడయ్యేసరికే తెలిసింది.

అడవి దారి గుంటల్లో లారీ ఎగిరినప్పుడల్లా హోకన్ తల పైకీ కిందికీ ఊగింది. సరిగ్గా అప్పుడే బీమా అమ్మే కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఎత్తింది హోకన్ కాదు, గుంట. ఎత్తాక వాడు వదులుతాడా? పడవ బీమా నుంచి పళ్ళ బీమా దాకా ఏకరువు పెట్టాడు. హోకన్‌కి పడవ లేదు. పళ్ళ సంగతి వాడికెందుకు? వాడు వదిలాక రేడియో పెట్టుకున్నాడు. రేడియో పెట్టుకునేదే దాన్ని తిట్టడానికి. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాతావరణం చెప్పేవాడు ఒకటి చెప్పడం, ఇతను దానికి తిట్టడం, అదొక కాలక్షేపం. ఇప్పుడు తిట్టు మొదలవ్వగానే రేడియో నెమ్మదిగా గొంతు తగ్గించి తప్పుకుంటోంది. తిట్టించుకోవడానికి అవతల మనిషి లేకపోతే తిట్టి ఏం లాభం? హోకన్‌కి ఒళ్ళు మండిపోయింది.

పదింటికి రెయిన్‌డీర్లు. ఓ నలభై దాకా రోడ్డుకి అడ్డంగా నిలబడి, మంచు కరగడానికి చల్లిన ఉప్పు నాకుతున్నాయి. హారన్ కొట్టాడు. ఒక్కటి తలెత్తి చూసి మళ్ళీ ఉప్పు మీద పడింది. "మీ దుంప తెగ" అంటూ హోకన్ విసుగ్గా తల అడ్డంగా ఊపాడు. ఊపిన ఆ క్షణానే మరీటా దగ్గర్నుంచి ఫోన్ మోగింది, మోగిన క్షణానే కట్ అయింది.

రెండో నిమిషంలో మళ్ళీ మోగింది. ఈసారి మెడ బిగబట్టి, జాగ్రత్తగా కిందికి ఒక్క ఊపు ఊపాడు.

"ఎందుకు కట్ చేశావ్?" అంది మరీటా.

"నేను కాదు. రెయిన్‌డీర్లు."

"రెయిన్‌డీర్లు నా ఫోన్ కట్ చేశాయా?"

"ఆ సంగతొదిలెయ్. చెబితే నమ్మవు."

మరీటా ఓసెలెలో ఒక బడిలో వంట చేస్తుంది. ఆమె భర్త పోయి ఆరేళ్ళు, హోకన్‌కి విడాకులై పదకొండేళ్ళు. నాలుగేళ్ళుగా ఇద్దరి మధ్యా ఎనభై కిలోమీటర్ల రోడ్డు. వారం వారం ఎవరో ఒకరు ఆ రోడ్డు మీద పడాల్సిందే. ఆమెను తన ఇంటికి వచ్చేయమని అడగాలని ఆకు రాలే రోజుల నుంచీ హోకన్ అనుకుంటున్నాడు. ఎదురుగా కూర్చుంటే ఆ మాట గొంతు దాటి రావడం లేదు. పేకాట మధ్యలో ఓసారి, గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టే కన్నం దగ్గర ఓసారి నోటిదాకా వచ్చి, వెనక్కి పోయింది. ఇప్పుడు లారీ ఆగిపోయి ఉంది. కదిలే దారి లేదు. ఆమె మొహం కనబడటం లేదు. ఇంతకన్నా మంచి సమయం ఇంకెప్పుడొస్తుంది?

"మరీటా, నీ ఇల్లు వదిలేసి నా దగ్గరికి వచ్చేస్తావా?" అనేశాడు.

చెవిలో నిశ్శబ్దం. మామూలుగా ఫోన్లో ఉండే గరగర కూడా లేదు. తోమి బోర్లించిన గిన్నెలా ఉందా నిశ్శబ్దం.

ఇంకోసారి అడిగాడు. "వినిపించిందా? నా ఇంటికి వచ్చెయ్యి అంటున్నా. వస్తావా?"

మళ్ళీ అదే.

కాస్సేపటికి మరీటా, "బంగాళాదుంపలు పొయ్యి మీదున్నాయి, ఉంటా మరి" అని పెట్టేసింది.

ఆ ప్రాంతంలో ఏ మనిషీ ఏ మాటా మూడోసారి అడగడు. రెండోసారి అడగడమే కాస్త ఎక్కువ. హోకన్ స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. రెయిన్‌డీర్లు ఎప్పుడో అడవిలోకి వెళ్ళిపోయాయి. వెనకున్న కారువాడు హారన్ కొడితే గానీ లారీ కదల్లేదు.

మంగళవారం అతను ఫోన్ చెయ్యలేదు. ఎందుకు చేస్తాడు? ఇష్టం లేదని నోటితో చెప్పలేక ఊరుకున్న మనిషికి మళ్ళీ ఫోన్ చేసి ఏం మాట్లాడతాడు? ఆమె కూడా చెయ్యలేదు. దాంతో ఇంకా గట్టిపడిపోయాడు. యాభై ఏడేళ్ళ వయసులో నాకెందుకొచ్చిన తాపత్రయం అనుకున్నాడు. తనను తాను తిట్టుకున్నాడు. తిడుతుంటే రేడియో మర్యాదగా తగ్గింది. దాన్నీ తిట్టాడు. బుధవారం మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిస్తే ముద్ద దిగలేదు. డబ్బా మూసేసి, ఫోన్ తీసి, మొరటు బొటనవేలితో మెసేజ్ కొట్టాడు: "సోమవారం అడిగిన సంగతి మర్చిపో. అడగనట్టే అనుకో."

జవాబు రాలేదు. పీడా పోయిందనుకుని ఉంటుందిలే, అనుకున్నాడు. అలా అనుకోగానే కళ్ళు చెమర్చాయి. అది చలివల్లేనని సరిపెట్టుకున్నాడు. క్యాబిన్‌లో ఇరవై రెండు డిగ్రీలుంది.

గురువారం పొద్దున కలప మిల్లులో దుంగలు దింపడానికి వరసలో ఆగి ఉండగా తూవా ఫోన్ చేసింది. హోకన్ తల ఊపి ఎత్తాడు. ఎత్తగానే మొదలెట్టాడు.

"ఏం ఎక్కించావే తల్లీ దీంట్లో! తల ప్రాణం తోకకొస్తోంది. నిన్న మిల్లు మేనేజరు ఏదో చెబుతుంటే తలాడించాను, వాడి ఎదురుగానే ఎవరితోనో ఫోన్ కలిసింది. నా తల నేను ఊపుకోకూడదా?"

తూవా పకపకా నవ్వింది. నవ్వు మాత్రం చక్కగా వినిపించింది.

"సరే గానీ, శనివారం వస్తున్నావా?" అన్నాడు హోకన్.

నిశ్శబ్దం.

"నిన్నే అడిగేది. వస్తున్నావా లేదా?"

నిశ్శబ్దం. ఇదీ అంతే. కూతురికీ రావాలని లేదు. ఎవరికీ లేదు.

"ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా!" అని అరిచాడు. ముందు లారీవాడు అద్దంలోంచి చూశాడు.

"నాన్నా, ఏమైంది నీకు? రెండుసార్లు ఔనన్నాగా!"

"ఎప్పుడన్నావ్? ఉలుకూ లేదు పలుకూ లేదు!"

తూవాకి ఏదో తట్టింది. "నాన్నా, ఆ ఇయర్‌బడ్స్ తీసెయ్. ఫోన్ చెవికి పెట్టుకో. పెట్టుకున్నావా? ఇప్పుడడుగు."

"వస్తున్నావా?"

"ష్‌ప్" అంది తూవా.

ఆ ఉత్తరపు మంచు ఊళ్ళలో ఔనని చెప్పడానికి ఎవరూ మాట ఖర్చు పెట్టరు. పెదవులు చుట్టి, గాలి ఒక్కసారి లోపలికి పీలుస్తారు. అంతే. బ్యాంకులో అంతే, డాక్టరు దగ్గరా అంతే. అది ఊపిరని అక్కడ పుట్టినవాళ్ళెవరికీ తట్టదు. వాళ్ళకది మాట.

"అప్‌డేట్‌లో రాసుంది నాన్నా" అంది తూవా. "అవతలివాళ్ళ వైపు గాలి చప్పుడు, నమిలే చప్పుడు, ఊపిరి చప్పుడు, అన్నీ తీసేస్తుందట. మన ఔనుని ఊపిరి అనుకుని తుడిచేస్తోంది."

"ఊపిరేమిటే! అది ఔను!"

"మనకి ఔను. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళలో మన వైపు వాళ్ళొక్కరూ ఉన్నట్టు లేరు. నాన్నా? ఉన్నావా?"

"మరీటాని అడిగాను" అన్నాడు. "సోమవారం. నా దగ్గరికి వచ్చేయమని. రెండుసార్లు."

"అడిగావా! ఏమంది?"

"ఏమీ అనలేదనుకున్నా."

"అనుకుని?"

"నిన్న మర్చిపొమ్మని మెసేజ్ పెట్టా."

"ఓరి నాయనో!" అంది తూవా. "ఇంకా నాతో ఏం మాటలు? వెళ్ళు ముందు!"

మరీటాకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. గురువారం కదా, అక్కడ ప్రతి గురువారం ఉండేదే, బడిలో బఠాణీ సూపూ పాన్‌కేకులూ, మూడు వందల మందికి. ఫోన్ ఎక్కడో బీరువాలో పడి ఉంటుంది. దుంగలు దింపించుకుని, తర్వాతి ట్రిప్పుకి అడవికి వెళ్ళాల్సిన ఖాళీ లారీని ఓసెలె దారి పట్టించాడు. ఆఫీసువాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేశారు. ఇయర్‌బడ్స్ డబ్బాలో ఉన్నాయి కనుక అతని తల ఎంత ఊగినా ఎవరూ ఏమీ ఎత్తలేదు.

ఇరవై నాలుగు మీటర్ల లారీని బడి ముందు ఆపడానికి వీల్లేదు. ఆపాడు. బూట్ల మంచు దులపకుండానే వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

మరీటా పెద్ద గిన్నె ముందు నిలబడి సూపు కలుపుతోంది. అతన్ని చూసి గరిటె ఆపలేదు.

"బూట్లు" అంది.

హోకన్ బయటికి పోయి, దులుపుకుని, మళ్ళీ వచ్చాడు. "నువ్వు ఔనన్నావా?"

"అన్నాను."

"రెండుసార్లూ?"

"ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అన్నాను. నీకు చెవుడా?"

హోకన్ జేబులోంచి ఇయర్‌బడ్స్ డబ్బా తీసి చూపించాడు. అప్‌డేట్ గురించీ, ఊపిరి తుడిచేయడం గురించీ, తూవా చెప్పిందీ, అన్నీ గందరగోళంగా చెప్పాడు. మధ్యలో రెయిన్‌డీర్లు కూడా వచ్చాయి. మరీటా మొత్తం వింది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి, అది సూపు సెగ కాదు.

"ఇల్లు ఖాళీ చేస్తానని మంగళవారం పొద్దున్నే కాగితం రాసిచ్చాను" అంది. "ఆ ఫ్లాటు కోసం ఇద్దరు కాచుక్కూర్చున్నారు. నిన్న మధ్యాహ్నం నీ మెసేజ్. నేనెక్కడుండాలి హోకన్? ఈ గిన్నెలోనా?"

"నాకు వినిపించలేదు మరీటా. ఒట్టు."

"యంత్రం మింగేసిందంటావు. సరే, మింగేసింది. మూడోసారి అడగడానికి నీ నోరేం పడిపోయింది? లారీ ఎక్కి వచ్చి అడగడానికి కాళ్ళేం విరిగాయి? మర్చిపొమ్మని రాయడానికి మాత్రం వేలు బాగానే ఆడింది!"

అవతల పాన్‌కేకులు తిరగేస్తున్న ఆవిడ పని ఆపేసి వింటోంది. హోకన్ ఆమెను చూశాడు, నేలను చూశాడు. తప్పించుకునే దారి లేదు.

"కాదంటావని భయమేసింది" అన్నాడు. "మళ్ళీ అడిగితే నీ నోటితోనే కాదంటావని."

మరీటా గరిటె పక్కన పెట్టింది. "అయితే ఇప్పుడు నేను అడుగుతున్నా. నేను రావాలా, వద్దా?"

హోకన్ పెదవులు చుట్టి గాలి పీల్చాడు.

"అది కాదు" అంది మరీటా. "ఆ ముక్కతోనే నిన్నట్నుంచీ నాకు ఏడుపయింది. మాటల్లో చెప్పు."

యాభై ఏడేళ్ళలో హోకన్‌ని ఎవరూ అలా అడగలేదు. పెళ్ళినాడు పాస్టరు కూడా అడగలేదు.

"రా" అన్నాడు. "రా మరీటా. ఒక్కణ్ణే తినలేకపోతున్నా. నిన్న భోజనం డబ్బా తెరిచి మూసేశాను. నువ్వొస్తావని మేడ మీద గదికి రంగు కూడా కొన్నాను. ఆ రంగు నీకు నచ్చదేమోనని డబ్బాకి ఇంకా మూత తియ్యలేదు. రా."

పాన్‌కేకులావిడ ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. మరీటా తుడుచుకోలేదు. సూపు గిన్నె వైపు తిరిగి, మళ్ళీ గరిటె అందుకుంది.

"నువ్వు కూడా ఓ మాట చెప్పు మరి" అన్నాడు హోకన్ ఆశగా.

"నేను సోమవారమే చెప్పాను. మళ్ళీ చెప్పను. ముందు ఆ లారీ తియ్, పిల్లల బస్సు రోడ్డు మీద ఆగిపోయింది."

హోకన్ తలుపు దాకా వెళ్ళాడు. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మే నెలాఖరుకి నా ఇల్లు ఖాళీ. ఆ లోపల మేడ మీద గదికి రంగు వేసి ఉంచు. ఏ రంగైనా సరే!"

"అలాగే" అన్నాడు హోకన్. నోరు తెరిచి, మాటగా, వంటగదంతా వినబడేలా అన్నాడు.