పొడత్త రబ్బరు బుడ్డి

ముప్పయ్యేడో చెట్టు దగ్గర పొడత్త వంగి, ముళ్ల మట్టల మధ్యకు చెయ్యి దూర్చి, రబ్బరు బుడ్డిని రెండుసార్లు నొక్కింది. బుస్సుమంటూ పసుపుపచ్చ పొడి ఆడపువ్వు మీద పడింది. మూడోసారి నొక్కదు. పొడి దుబారా అయితే ఆమెకు ఒళ్లు మంట.

పామాయిల్ చెట్టుకు మగపూత వేరు, ఆడపూత వేరు. ఈ కొత్త తోటల్లో పుప్పొడిని ఒకదాన్నుంచి ఇంకోదానికి చేర్చే దిక్కు లేక గెలలన్నీ తాలుపోతుంటే, దూరదేశాల సాయంతో నడిచే పథకం వాళ్లు వచ్చారు. పుప్పొడిని టాల్కం పౌడరులో కలిపి, ఈ బుడ్డిలో పోసి ఆమె చేతిలో పెట్టారు. అప్పటికి ఆమె భర్త పోయి ఏడాది. ఆరేళ్లుగా అతని పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని చిన్నరైతుల తోటలన్నీ తిరుగుతోంది. పొడి చల్లే అత్త కాస్తా పొడత్త అయి కూర్చుంది. అసలు పేరు పథకం కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఎవరి తోటలో ఏ వరుసలో ఏ చెట్టు పూతకొచ్చిందో ఆ రైతుకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. అందుకే నడకలో కాస్త దర్జా ఉంటుంది, తప్పులేదు.

ఈ రోజు ఆమె భుజాన ఇంకో సంచి కూడా ఉంది. దాని నిండా మగపూత రెమ్మలు, రెమ్మల నిండా నువ్వుగింజంత ముక్కుపురుగులు. పొద్దున్నే పథకం మేడమ్ తెచ్చి ఇచ్చింది.

"ఇవి పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోస్తాయి అత్తా. చెట్టుకి ఏమీ చెయ్యవు. ఇవి నిలదొక్కుకుంటే ఇక..." అని ఆగిపోయింది.

"ఇక నేనక్కర్లేదు. అంతేగా? ఆ ముక్క చెప్పడానికి అంత నసుగుతావేంటమ్మా!"

దర్జాగానే సంచి అందుకుంది. కానీ దారి పొడుగునా లోపలి నుంచి గరగర వినబడుతూనే ఉంది. తన కడుపు కొట్టేవాళ్లను తనే భుజాన మోసుకెళ్తోంది మరి.

ఇది ఆమె మరిది తోట. పొద్దున రాగానే రెమ్మలను మూడు చెట్లకు కట్టింది. మగపూతకుండే సోంపు వాసన గుప్పుమంది. మిగతా చెట్లకు అలవాటుగా పొడి కొట్టుకుంటూ వచ్చింది గానీ, ముప్పయ్యెనిమిదో చెట్టు పువ్వును మాత్రం కావాలనే వదిలేసింది. దాని ముందు గొంతుక్కూర్చుని చూసింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి వచ్చింది. ఇంకోటి. చూస్తుండగానే ఓ ఇరవై వచ్చి, ఒళ్లంతా పసుపు పూసుకుని, ఆమె వేలు కూడా పట్టని సందుల్లోకి దూరిపోయాయి.

"ఓసి మీ దుంపతెగ!" అంది మెచ్చుకోలుగా.

అప్పుడే మరిది వచ్చాడు, వీపున మందు పంపుతో. నిరుడు కొమ్ముపురుగు అతని మొక్కలు పన్నెండింటి మొవ్వు తినేసింది. అప్పట్నుంచి పురుగన్న మాట చెవిన పడితే చాలు, అతని చెయ్యి పంపు మీదికి పోతుంది.

"పక్కకి జరుగు వదినా. మందు కొడతా."

"ఇవి మందు కొట్టే పురుగులు కావు మరిదీ. మొన్న మీటింగులో అంతసేపు చెప్పారుగా. అవున్లే, నువ్వు గురకలో ఉన్నావు."

"పురుగు పురుగే. అయినా ఇవి చస్తే నీకేం పోయింది? నీ పని నీకుంటుంది. నీ కోసం కూడా అనుకో."

అది నిజం. పురుగులు చస్తే ఈ పద్ధతి పనికిరాదని రాసుకుంటారు, బుడ్డి ఇంకో రెండేళ్లు ఆమె చేతిలోనే ఉంటుంది. ఆమె అబద్ధమాడక్కర్లేదు, ఏమీ చెయ్యక్కర్లేదు. ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు. జరగాలనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

"నేను నూటికి పది పువ్వులు వదిలేస్తున్నా మరిదీ," అంది. ఆరేళ్లలో ఎవరి దగ్గరా ఒప్పుకోని మాట. "కంటికి ఆనవు. నీ తోటలో తాలుగెలలకి నువ్వనుకుంటున్నట్టు ఎరువు కాదు కారణం, నేనే. ఇవి వదలవు. ఇప్పుడే కళ్లారా చూశాను."

మరిది పంపు గొట్టాన్ని కిందికి వంచాడు. "మరి నీ సంగతో?"

"నా పని నిలబడాలని నీ గెలలు తాలుపోవాలా? చేతులు రెండూ బాగానే ఉన్నాయి. ఏదో ఒకటి చూసుకుంటా."

అంటూనే అతని పంపు గొట్టం చివరి నాజిల్ తిప్పి ఊడదీసి, చొక్కా జేబులో వేసి గుండీ పెట్టేసింది.

"గెలలు నిండాక వచ్చి తీసుకో."

"నిన్ననే కొన్నా వదినా, కొత్తది!"

"అయితే ఇంకా భద్రంగా దాస్తా."

అతనికి నవ్వాగలేదు. పంపు దించి పక్కన పెట్టాడు.

పొడత్త ముప్పయ్యెనిమిదో చెట్టు మట్టకు బుడ్డిని తగిలించి, చేతులు దులుపుకుని గట్టు వైపు నడిచింది. ఆరేళ్లలో ఇంత పొద్దుండగా ఇంటికి పోవడం ఇదే మొదలు. నడకలో దర్జా మాత్రం తగ్గలేదు.

"బుడ్డి మర్చిపోయావు వదినా!" మరిది వెనక నుంచి కేకేశాడు.

"మర్చిపోలేదు. వాన రోజుల్లో అవి బయటికి రాకపోతే నువ్వే కొట్టుకో. రెండుసార్లే నొక్కు!"

మట్టకు వేలాడుతున్న బుడ్డిలో పొడి ఇంకా సగముంది. దాని గొట్టం చివర ఓ ముక్కుపురుగు వాలి, ఒళ్లంతా పసుపు చేసుకుని, పక్క చెట్టు మీదికి ఎగిరిపోయింది.