మదర్‌బోర్డుకి గండం

ఆచంట అచ్చాయమ్మ గారు మా షాపు మెట్లెక్కుతుంటే ముందు నమ్మబుద్ధి కాలేదు. వెనకాలే ఆవిడ కొడుకు హరిబాబు, సీపీయూ డబ్బాని చంటిపిల్లాడిలా రెండు చేతులతో ఎత్తుకుని వస్తున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. వాళ్ళే. దేవుడు ఉన్నాడనీ, అప్పుడప్పుడు పాలకొల్లు బస్టాండు వైపు కూడా వచ్చిపోతుంటాడనీ ఆ క్షణంలో నమ్మాను.

ఈ తల్లీకొడుకులు నిరుడు మాఘమాసంలో నన్ను చూసుకోవడానికి మా ఇంటికొచ్చారు. అబ్బాయికి రొయ్యల చెరువులున్నాయి, ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, ఖాళీ దొరికితే కంప్యూటర్ గేముల పిచ్చి ఉంది. అమ్మ చేసిన పాకుండలు బాగున్నాయని అడిగి మరీ వేయించుకుని తిన్నారు. కాసేపటికి హరిబాబు ఫోన్ తీసి, తన కంప్యూటర్ ఫొటో చూపించాడు.

"తక్కువ బడ్జెట్‌లో నేనే బిల్డ్ చేశానండి" అన్నాడు.

నాకు నిజంగా సంతోషం వేసింది. వంటొచ్చా, పాటొచ్చా అని కాకుండా నేను రోజూ చేసే పని గురించి మాట్లాడిన మొదటి పెళ్ళికొడుకు అతనే. షాపులో ముందు జిరాక్స్ మెషీను నాన్న చూసుకుంటారు, లోపల కంప్యూటర్లు నేను చూసుకుంటాను. ఆ ఉత్సాహంలో ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అద్దం తలుపు, లోపల వినాయక చవితి పందిరంత రంగురంగుల లైట్లు.

"ర్యామ్‌లు రెండూ పక్కపక్కనే పెట్టారేంటండి? మధ్యలో ఒక స్లాటు వదిలి పెట్టాలి కదా. ఇలాగైతే రెండెడ్లనీ మేపి ఒక్కదాంతోనే దున్నుతున్నట్టుంటుంది" అన్నాను.

అతని మేనమామలు పగలబడి నవ్వారు. "అల్లుడూ, నీకు పెళ్ళాం కాదురా, మెకానిక్కు దొరికింది" అన్నాడు ఒకాయన. హరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. నేను సాయం చేశాననే అనుకున్నాను.

ఆ వారంలోనే కబురొచ్చింది. జాతకాల పొంతన కుదరలేదట. మేం నా జాతకం ఇస్తేగా! పిల్లా పిల్లాడూ నచ్చాకే ఇద్దామని నాన్న దాన్ని బీరువాలోంచి తియ్యనే లేదు. అంతటితో ఆగితే నేనూ పోనీలే అనుకునేదాన్ని. ఎవరో ఎందుకు కుదరలేదని అడిగితే అచ్చాయమ్మ గారు, "అమ్మాయిది ఆశ్లేషా నక్షత్రమండి, అత్తకి గండం" అన్నారు. నాది హస్త. ఆశ్లేష కాదని మేం ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోలేం కదా. ఆ తర్వాత రెండు సంబంధాలు ఆ మాట చెవిన పడగానే వెనక్కి పోయాయి.

సంబంధాలు పోయినందుకు నేనేమీ ఏడవలేదు. నాకు మండింది అమ్మ గురించి. మా అమ్మ వెంకటదుర్గ ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. పేరంటమంటే మాత్రం ముందుంటుంది, మంగళహారతి ఆవిడ పాడాల్సిందే. ఒక శుక్రవారం తాంబూలం ఇస్తూ ఒకావిడ, "ఆశ్లేష పిల్ల తల్లి మీరేనాండి?" అని అడిగిందట. అమ్మ ఇంటికొచ్చి ఆ తాంబూలం వంటగది గట్టు మీద పెట్టి, మళ్ళీ ఏ పేరంటానికీ వెళ్ళలేదు. ఆ మాట అన్న నోళ్ళే దాన్ని నలుగురిలో వెనక్కి తీసుకోవాలి, అమ్మ మళ్ళీ తలెత్తుకుని పేరంటానికి వెళ్ళాలి. అప్పటినుంచి నాకు అదొక్కటే కావాలి. వాళ్ళ చెరువుల్లో రొయ్యలన్నీ తేలిపోవాలని కూడా ఒకసారి మొక్కుకున్నాను. పాపం అవేం చేశాయని తర్వాత ఆ మొక్కు వెనక్కి తీసుకున్నాను.

ఇదిగో, ఇప్పుడు వాళ్ళే వచ్చారు. నన్ను చూసి హరిబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆన్ అవ్వట్లేదండి. భీమవరంలో కూడా చూపించాం. అందరూ మీ దగ్గరికే వెళ్ళమన్నారు" అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆదివారం టోర్నమెంటుంది."

"దానికేం భాగ్యమండి, రండి. అచ్చాయమ్మ గారూ, మీరు కూర్చోండి" అని స్టూలు చూపించాను. పక్క స్టూలు మీద ఆధార్ కార్డు జిరాక్సు కోసం మా వీధి పెద్దింట్లమ్మ గారు కూర్చుని ఉన్నారు. ఆవిడ చెవిన వేస్తే మైకులో చెప్పినట్టే. నాన్న భోజనానికి వెళ్ళడం వల్ల ఆ జిరాక్సు పని నా మీద పడింది. తొందరేముందని పక్కన పెట్టాను.

డబ్బా విప్పాను. నేను చెప్పానన్న పంతమేమో, ర్యామ్‌లు మళ్ళీ పక్కపక్కనే ఉన్నాయి. అవి ఫొటోలో చూసినవి కావు, వేరేవి. ఒకటి పీకి లేబుల్ చదివాను.

"ఎక్కడ కొన్నారండి?"

"ఆన్‌లైన్‌లో, సెకండ్ హ్యాండ్. బాగా చవగ్గా వచ్చాయి. ఇవీ డీడీఆర్ ఫోరే కదండీ? గాడి కూడా సరిగ్గా కూర్చుంది."

"కూర్చుంటుందండి. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. కానీ ఇవి సర్వర్లలోంచి తీసేసిన సరుకు. ఇళ్ళల్లో వాడే మదర్‌బోర్డు వీటిని ఒప్పుకోదు. కొనేముందు బోర్డు మోడల్ నంబరు చూసి, దానికి ఏ ర్యామ్ పడుతుందో కంపెనీ వాళ్ళ సైట్‌లో వెతుక్కోవాలి." అని, గొంతు పెంచాను. "అంటే ఏం లేదండి, పొంతన కుదరలేదు."

అచ్చాయమ్మ గారు విసురుకుంటున్న చీర కొంగు ఆగింది.

"ఈ ర్యామ్‌ది ఆశ్లేషా నక్షత్రం అయ్యుంటుంది. మదర్‌బోర్డుకి గండం."

పెద్దింట్లమ్మ గారు స్టూలు కొంచెం ముందుకి జరుపుకున్నారు.

"మెషీన్లకి నక్షత్రాలేంటమ్మా, విడ్డూరం కాకపోతే" అన్నారు అచ్చాయమ్మ గారు.

"జాతకం చూడకుండా నక్షత్రం చెప్పడం మీ దగ్గరే నేర్చుకున్నానండి."

"చూడకపోవడమేంటి? మా సిద్ధాంతి గారు చూశాకే చెప్పాం. నీది మూలా నక్షత్రం కాదూ?"

నేను ఏమీ అనాల్సిన పని లేకపోయింది. "మూలేంటండీ? అప్పుడు ఆశ్లేషన్నారుగా?" అన్నారు పెద్దింట్లమ్మ గారు.

"అదే... ఆశ్లేషే. నోరు జారింది."

"మూలైతే మావగారికి గండమండి, ఆశ్లేషైతే అత్తగారికి. మీ దంపతుల్లో ఎవరికో ముందు మీరు తేల్చుకోవాలి కదా" అన్నాను.

బోర్డు నంబరు చూసి, దానికి సరిపోయే ర్యామ్ జత అరలోంచి తీశాను. చవకదే, మంచిదే. రెండింటినీ తీసుకెళ్ళి పక్కపక్కనే గుచ్చాను. కావాలనే. అద్దం తలుపు చేతిలోకి తీసుకుని హరిబాబు వైపు తిరిగాను.

"మూసెయ్యమంటారా?"

అతను లోపలికి చూశాడు. "ఏవండీ... మధ్యలో ఒక స్లాటు వదలాలి కదండీ?"

"అలాగని ఎవరు చెప్పారండి మీకు?"

వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ రోడ్డు వైపు చూస్తున్నారు.

"మీరేనండి."

"నేనా! ఎప్పుడు?"

"పెళ్ళిచూపుల్లో."

"కొంచెం గట్టిగా చెప్పండి. ఈ మెషీన్ల రొదలో వినపడట్లేదు." షాపులో ఒక్క మెషీనూ తిరగడం లేదు.

"పెళ్ళిచూపుల్లో మీరే చెప్పారండి" అన్నాడు ఈసారి గట్టిగానే. "మా మావయ్యలు నవ్వేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి వద్దని నేనే అన్నాను. జాతకం ఎవరూ చూళ్ళేదు. ఏదో ఒకటి చెప్పాలని అమ్మ అలా చెప్పింది."

"ఒరేయ్!" అన్నారు అచ్చాయమ్మ గారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఒక ర్యామ్ తీసి, ఒక స్లాటు వదిలి గుచ్చాను. స్విచ్ నొక్కగానే డబ్బా నిండా లైట్లు వెలిగాయి. అతను దాన్ని ఎత్తుకుని తల వంచుకుని మెట్లు దిగుతుంటే జాలి వేసిందా అంటే, ఇసుమంత కూడా వెయ్యలేదు. పాయసం తాగినంత హాయిగా ఉంది. పెద్దింట్లమ్మ గారు వాళ్ళకంటే ముందే వెళ్ళిపోయారు. వెళ్ళే తొందరలో జిరాక్సు సంగతి దేవుడెరుగు, అసలు ఆధార్ కార్డే వదిలేశారు.

సాయంత్రం ఆ కార్డు పట్టుకుని ఇంటికెళ్ళి అమ్మకి అంతా చెప్పాను. అచ్చాయమ్మ గారిలా మొహం పెట్టి, కొంగు విసిరి మరీ చెప్పాను. అమ్మ నవ్వలేదు. దొండకాయలు తరుగుతూ విన్నది.

"మదర్‌బోర్డంటే ఏంటే?" అంది చివర్లో.

"అన్నీ దాని మీదే కూర్చుంటాయమ్మా. అది ఒప్పుకోకపోతే డబ్బాలో ఏదీ పని చెయ్యదు."

"ఊఁ" అంది. అంతే.

ఆ తర్వాతి శుక్రవారం పెద్దింట్లమ్మ గారు ఆధార్ కార్డు కోసం మా ఇంటికొచ్చారు. పేరంటానికి పిలుపు కూడా తెచ్చారు. "మీరు లేకపోతే హారతి పాట అందుకునే దిక్కు లేదండి వెంకటదుర్గ గారూ. అందరూ మిమ్మల్నే అడుగుతున్నారు" అన్నారు. అమ్మ కళ్ళు తడయ్యాయి. పెద్దింట్లమ్మ గారు గొంతు తగ్గించి, దగ్గరికి జరిగారు.

"ఇంకో మాటండి. ఆచంట నుంచి అచ్చాయమ్మ గారు ఫోన్ చేశారు. జరిగిందేదో జరిగిపోయింది, అబ్బాయికి ఇప్పుడు ఇష్టమేనంటున్నారు. మీరు ఊఁ అంటే ఈసారి నిజంగానే జాతకం చూపిస్తారట."

నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. లోపలికెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి పెద్దింట్లమ్మ గారికి బొట్టు పెట్టింది, తాంబూలం ఇచ్చింది, ఆధార్ కార్డు చేతిలో పెట్టింది. అప్పుడు, మా ఇంట్లో ఎప్పుడూ వినని గట్టి గొంతుతో చెప్పింది.

"మదర్‌బోర్డు ఒప్పుకోవట్లేదని చెప్పండి."

అమ్మ నా వైపు తిరిగి, "సరిగ్గానే అన్నానా?" అని అడిగింది.