సత్యారావు ఎడమకాలు

డెలానీపూర్ ఎత్తు సగం ఎక్కాక ముందున్న బస్సు ఆగింది. సత్యారావూ ఆపాడు. వెనక ట్రైలర్ మీదున్న రెండున్నర టన్నుల జనరేటర్ అతని పికప్పును కిందికి గుంజుతోంది. బస్సు రెండడుగులు కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. కదిలిన ప్రతిసారీ క్లచ్, ఆగిన ప్రతిసారీ క్లచ్. పట్టీ తొడిగిన మోకాలిలో నిప్పు రాజుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ కాలు చేస్తున్న పని అదే. పెళ్ళిళ్ళకీ, ఆఫీసులకీ, అటు దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ దాకా జనరేటర్లు లాగడం. మనిషి పొట్టి. మెడ ఎండకి కమిలిపోయింది. ఎడమ పిక్క కొయ్యలా బిగుసుకుని, పైన మోకాలు ఉబ్బి కాస్త పక్కకి తిరిగింది. క్లచ్ తొక్కడం మానేస్తే ఇంకో ఐదేళ్ళు బండి నడపొచ్చనీ, మానకపోతే నడవడమే కష్టమనీ డాక్టరు చెప్పేశాడు.

అందుకే ఆ రోజు మీద ఆశ పెట్టుకున్నాడు. యజమాని ధనరాజు కొత్త పికప్పు బుక్ చేస్తున్నాడు. గేర్లదా, క్లచ్ తొక్కక్కర్లేని ఆటోమేటిక్కా అన్నది సాయంత్రానికి తేలాలి. ఆ వారంలో ధనరాజు షోరూం వాణ్ణి అడిగాడు, మెకానిక్ సుభాష్‌ని అడిగాడు, స్టీరింగ్ పట్టడం రాని బావమరిదిని కూడా అడిగాడు. తొక్కేవాణ్ణి మాత్రం అడగలేదు. అంత ఘనమైన సభలో ఒక్క కాలికి చోటు లేకపోయింది!

ట్రైలర్‌ని అద్దెకి అడిగిన ఆఫీసు దగ్గర వదిలి, షాదీపూర్‌లో తమ షెడ్డుకి వచ్చేసరికి ధనరాజు బుకింగ్ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. పక్కన సుభాష్.

“బాబూ, ఆటోమేటిక్ తీసుకోండి. నా కాలు పన్జెయ్యట్లేదు,” అన్నాడు సత్యారావు.

ధనరాజు నవ్వాడు. “అరే, పాతోడివి, గేర్లే కావాలంటావనుకున్నాను! వెనకాల ఇంత లోడుంటే గేరే పక్కా భయ్యా. ఆటోమేటిక్ ఖరాబైతే పార్టులు చెన్నై నుంచి ఓడలో రావాలి. నెల్రోజులు బండి బంద్.”

అందులో అబద్ధమేమీ లేదు. అయినా సత్యారావు వదల్లేదు. “సుభాష్, చఢాయిలో ఆగి ఆగి ఎక్కడానికి ఏది మేలో నువ్వు సెప్పు.”

“ఎక్కడానికి ఆటోమేటిక్కే సుఖం దాదా,” అన్నాడు సుభాష్ నేల చూస్తూ. “దిగేటప్పుడు గేరు మంచిది.”

“బండి పార్టు ఓడలో వస్తాది. నా మోకాలి పార్టు ఏ ఓడలో వస్తాది బాబూ?”

“తేల్ రాసుకో, తగ్గిపోద్ది. రేపు డిగ్లీపూర్ ట్రిప్పుంది,” అంటూ ధనరాజు గేర్ల బండికి సంతకం పెట్టేశాడు.

సత్యారావుకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్క లోడు కూడా వెనక్కి జారనివ్వలేదు. బండి నెల రోజులు మూలపడుతుందని బెంగ పెట్టుకున్నవాడు, మనిషి జన్మంతా మూలపడితే నూనె రాసుకోమంటాడా! సిగ్గుండాలి.

బయటికొచ్చి, పికప్పును ఎప్పటిలాగే గోడ వారన తిన్నగా పెట్టాడు. కాసేపు లోపలే కూర్చున్నాడు. దిగి, తాళం సుభాష్ చేతిలో పెట్టాడు.

“రేపు ఎన్నింటికి దాదా?”

“నాను రాను.”

బస్టాపు వైపు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. సుభాష్ బండి తలుపు తీసి చూశాడు. గేరు రాడ్డుకి, ఇంకా చెమట ఆరని మోకాలి పట్టీ తొడిగి ఉంది.