పాదాలు చూసిన గడ్డి

బురద చల్లగా, మెత్తగా, వేళ్ళ సందుల్లోంచి పైకి ఉబుకుతుంది.

అక్కకు అదే చూపు.

ఏరు సముద్రంలో కలిసే ఈ మొగలో నీళ్ళెప్పుడూ మసకే. గుల్లలు ఏరేవాళ్ళు కిందికి చూడరు. పాదంతో తడుముతారు — ఇది రాయి, ఇది గుల్ల, ఇది గడ్డి. వంగి చేత్తో వెతికేవాళ్ళను చూసి నవ్వుతారు.

"మా అక్క కళ్ళు కాళ్ళలో ఉన్నాయి. అందుకే మొహాన ఉన్నవాటితో గుమ్మం కూడా కనపడదు," అంటుంది చెల్లెలు.

ఒకప్పుడు నడుస్తుంటే గడ్డి పిక్కలను నిమిరేది. దాని వేర్ల మధ్య గుల్లలు. దాని నీడలో చేపపిల్లలు.

ఎగువన ఫ్యాక్టరీల కాలువ తెరిచారు. నీళ్ళ మీద నురగ. గడ్డి ఎర్రబడింది... నల్లబడింది... లేదు.

బుట్టలు ఖాళీ.

చెల్లెలికి దూరపు రేవులో రొయ్యలు ఒలిచే పని దొరికింది.

వెళ్ళొద్దని అక్క బతిమాలింది. పాయ అవతల మిగిలిన నాలుగు గడ్డి దుబ్బులు తెచ్చి, వెదురుపుల్లలకు దారంతో కట్టి, ఇద్దరూ మొగలో పాతారు. నడుములు పడిపోయేలా పాతారు.

"నెల చూస్తా. అది పాతుకుంటే నేనూ పాతుకుంటా. లేదంటే రేవుకెళ్ళే వ్యాను ఎక్కేస్తా. అప్పుడు ముక్కు చీదావంటే ఊరుకోను," అంది చెల్లెలు.

ఆసుపత్రికి వెళ్తూ అమ్మ 'వెళ్ళొస్తా' అంది. పడవెక్కుతూ అక్క మొగుడూ అదే అన్నాడు. ఆ మాటలో వెళ్ళడమొక్కటే నిజం.

అక్క రోజూ దిగింది. రోజూ పాదానికి మెత్తగా, ఒత్తుగా, జడలు జడలుగా తగిలింది. రోజూ ఒడ్డుకొచ్చి చెప్పింది — "పెరుగుతోందే!"

చెల్లెలు నమ్మింది. ఆ పాదాలు ఏనాడూ తప్పు చెప్పలేదు.

ఇవాళ నెల నిండింది. వ్యాను వచ్చి ఆగింది.

చెల్లెలికి చూపించాలని, ఒక్క పోచ... ఒక్కటంటే ఒక్క పోచ తెంపాలని, అక్క మొదటిసారి వంగింది. చెయ్యి ముంచింది.

జారింది. వేళ్ళకు చుట్టుకుంది. కుళ్ళు కంపు.

పాచి.

పాచి కింద పుల్లలు. పుల్లలకు దారాలు. దారాల ముడుల్లో ఏమీ లేదు.

నెలంతా తను పాదంతో నిమిరింది గడ్డిని కాదు. దాని ఊపిరి తీసినదాన్ని.

వ్యాను హారన్ మోగింది.

"ఎక్కుతావా, ఇంకొకళ్ళని ఎక్కించుకోనా?" డ్రైవర్ కేక.

"ఆగవయ్యా, నీ వ్యానేం రైలా!" చెల్లెలు సంచి చంకన పెట్టుకుని ఇటు తిరిగింది. "అక్కా! గడ్డేనా? ఒక్క మాట చెప్పు, వాణ్ణి పొమ్మంటా!"

అక్క పెదవులు కదిలాయి.

చెయ్యి మాత్రం నీళ్ళలోనే ఉంది. వేళ్ళ సందుల్లోంచి పాచి — చల్లగా, మెత్తగా...